ఆ పిల్ల ఎట్లాంటిది అని అడిగే ముందు



ఒక ఆడపిల్ల మీద అత్యాచారం జరిగిందని వినగానే మన ఊళ్ళల్లో మొదట వచ్చే మాట ఏమిటో మీకు తెలుసు. "ఆ పిల్ల ఎట్లాంటిది? అక్కడికెందుకు పోయింది?" ఈ మాటే కోర్టులూ అడిగాయి. నష్టపోయింది మన ఆడవాళ్ళు.

1972 మార్చి. ఇప్పటి గడ్చిరోలి జిల్లా, దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్. మథుర ఆదివాసీ అమ్మాయి. తల్లీతండ్రీ లేరు, కూలి చేసుకుని బతికేది. రాత్రిపూట స్టేషన్‌లో పోలీసు తన మీద అత్యాచారం చేశాడని చెప్పింది. ఆమెకు అది అలవాటేనని కింది కోర్టు కేసు కొట్టేసింది. హైకోర్టు శిక్ష వేసింది. ఒంటి మీద గాయాలు లేవు, కేకలు వేయలేదు అంటూ సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. స్టేషన్‌లో, పోలీసు ముందు, ఒక కూలి పిల్ల ఎట్లా ఎదురు తిరుగుతుంది? 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. కస్టడీ అత్యాచారం కేసులో లైంగిక చర్య రుజువై, 'నేను ఒప్పుకోలేదు' అని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి.

చట్టం మారింది. మరి వాకపల్లి? 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని ఆ ఊళ్ళో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆడవాళ్ళు చెప్పారు. తీర్పు 2023 ఏప్రిల్‌లో వచ్చింది. దర్యాప్తు సరిగా జరగనందువల్ల నిందితులు బయటపడ్డారు. ఆడవాళ్ళకు నష్టపరిహారం ఇమ్మని కోర్టు చెప్పింది. ఆ దర్యాప్తు చేసిందీ పోలీసులే.

ఇక వలస సంగతి. మిరపకోతకో, మిల్లుకో, పట్నంలో ఇంటిపనికో పోయే పిల్లకు అడ్వాన్సు ఇచ్చి, ఆధార్ కార్డు మేస్త్రీ తన దగ్గర పెట్టుకుంటాడు. భాష రాదు, తిరుగు చార్జీ లేదు. అప్పుడు ఆమె 'ఊ' అంటే అది ఇష్టమా? మోసంతోనో బెదిరింపుతోనో దోపిడీ కోసం మనిషిని తరలిస్తే, ఆమె ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకి రాదని భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ చెబుతోంది.

అదే పిల్ల వ్యభిచారంలో చిక్కుకుని తిరిగొస్తే ఊరు వెలేస్తుంది. ఆమె మీద లైంగిక దాడి జరిగితే మిగతా బాధితులకు అందే వైద్యం, సాయం అన్నీ ఆమెకూ అందాలని 2022 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కోర్టు నేర్చుకున్నది మనం ఇంకా నేర్చుకోలేదు. పెద్దల పంచాయితీలో తప్పు కట్టించి మాట ముగించేస్తున్నాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇవి గుర్తుపెట్టుకోండి. పనికి పోయే పిల్ల ఎవరి వెంట, ఎక్కడికి పోతోందో ఊళ్ళో రాసిపెట్టండి. ఘటన ఎక్కడ జరిగినా దగ్గరి స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ రాయించొచ్చు. అత్యాచారం ఫిర్యాదు రాసుకోకపోతే అది పోలీసు చేసిన నేరం. ఆమె ఫిర్యాదు మహిళా అధికారి రాసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాకపోతే అట్రాసిటీ చట్టం కూడా పెట్టమనండి. తెలుగు రాని అక్క వెంట మన భాష తెలిసినవాళ్ళు పోవాలి.

రేపు ఎవరైనా "ఆ పిల్ల ఎట్లాంటిది?" అంటే, "ఆ రోజు వాడి చేతిలో ఏముంది, ఆమె చేతిలో ఏముంది?" అని తిరిగి అడగండి.

జై ఆదివాసీ.