మాట్లాడే యంత్రం, మాట్లాడని పుస్తకం

(వికలాంగ విద్యార్థినుల ఉన్నత విద్యపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



'సాంకేతిక పరిజ్ఞానంతో వికలాంగుల సాధికారత' అనే మాట సభల్లో తరచుగా వింటున్నాం. ఆ మాటలో స్త్రీ ఎక్కడుంది అన్నదే నా ప్రశ్న. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, వారిలో స్త్రీలు 1.18 కోట్లు. వికలాంగ పురుషుల్లో అక్షరాస్యులు సుమారు 62 శాతం ఉంటే, స్త్రీలలో 45 శాతమే. అంటే కంప్యూటరు మాట రాకముందే సగానికి పైగా స్త్రీలకు చదువు అందలేదు.

ఆ గడప దాటి కాలేజీకి వచ్చిన అంధ విద్యార్థినినే తీసుకుందాం. ఆమె చదువంతా ఇతరుల గొంతు మీద ఆధారపడి సాగింది. పాఠం ఎవరో చదివి వినిపించాలి, పరీక్ష ఎవరో రాసిపెట్టాలి. ఉత్తరమైనా, డాక్టరు రిపోర్టయినా మరొకరు చదివాకే ఆమెకు తెలిసేది. తనకంటూ ఒక రహస్యం, ఒక ఏకాంతం లేని బతుకు అది. తెరమీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్ ఈ స్థితిని మార్చగలదు. ఆస్ట్రేలియాకు చెందిన అంధ యువకుడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఎన్.వి.డి.ఎ. ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది.

అయితే యంత్రం ఒక్కటే తలుపులు తెరవదు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ అంధుడు కాబట్టి ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవడానికి వీల్లేదన్నారు. ఆయన కోర్టుకు వెళ్ళి ఆ హక్కు సాధించుకున్నారు. పాఠాలు రికార్డు చేయించుకుని, విని చదివి, అమెరికాలోని ఎం.ఐ.టి. దాకా వెళ్ళారు. ఇది మనందరికీ గర్వకారణమే. కానీ అదే పల్లెలో అదే చూపులేని ఆడపిల్ల పుట్టివుంటే? ఆమె కోసం కోర్టు మెట్లెక్కేవాళ్ళా? ఒంటరిగా హైదరాబాదు బస్సెక్కించేవాళ్ళా? ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్ ఫోనూ అన్నయ్య చేతిలోనే ఉంటే, అది మాట్లాడే ఫోనయినా ఆమెకు ఒరిగేదేమిటి?

చట్టం వైపు చూద్దాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వోద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వు చేయమంది. అదే చట్టం 17వ సెక్షను పుస్తకాలు, సహాయ పరికరాలు ఉచితంగా ఇవ్వాలంది. ఎంతవరకు? పద్దెనిమిదేళ్ళ వయసు వరకు! అంటే సరిగ్గా డిగ్రీ కాలేజీ గుమ్మం దగ్గర ఆ హామీ ఆగిపోతుంది. పెళ్ళి ఖర్చు, చదువు ఖర్చు పక్కపక్కన పెట్టి తూచే ఇంట్లో, ఆ తర్వాత లాప్‌టాప్ ఎవరు కొంటారు?

ఇక మన గురించి చెప్పుకుందాం. ఒక అంధ విద్యార్థిని నా వ్యాసాలు అడిగితే సంతోషంగా ఫైళ్ళు పంపాను. రెండు రోజులకు ఫోను చేసి, "మేడమ్, మీ వ్యాసం నా కంప్యూటర్‌లో తెలుగులా పలకడం లేదు. ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు చదువుతోంది" అంది. నాకు సిగ్గేసింది. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటులో కంటికి తెలుగు కనిపిస్తుంది గానీ, యంత్రానికి లోపల ఉండేది వేరే అక్షరాలే. స్కాన్ చేసిన పేజీలదీ ఇదే కథ. యంత్రానికి అది బొమ్మ మాత్రమే. రేపు ఉద్యోగంలో చేరాక ఆఫీసు ఫైళ్ళన్నీ అలాంటి బొమ్మలే అయితే ఆమె మళ్ళీ పక్క సీటువాళ్ళను బతిమాలాలి. అప్పుడు 'ఈమె పని చేయలేదు' అంటారు.

మూడు దశాబ్దాలుగా స్త్రీల గొంతు వినాలని రాస్తున్న మనం, ఈ స్త్రీలు చదవలేని అక్షరాల్లో రాశాం. కాపీరైటు అడ్డనడానికీ లేదు. వికలాంగులకు అందే రూపంలోకి పుస్తకాలను మార్చుకోవడానికి 2012 సవరణ వీలు కల్పించింది.

అందుకే నా ప్రతిపాదనలు మూడు. పరికరాల హామీని చదువు పూర్తయ్యే దాకా పొడిగించాలని ఉద్యమించాలి. మన సంస్థలు నడిపే ప్రతి కంప్యూటరు శిక్షణలో స్క్రీన్ రీడర్ నేర్పాలి, ఆ తరగతులకు అమ్మాయిలు వచ్చిపోయే ఏర్పాటూ చూడాలి. మన పత్రికలు, కరపత్రాలు, న్యాయ సలహా పుస్తకాలు యూనికోడ్‌లో ఇవ్వాలి. మొదటి రెంటికీ ప్రభుత్వంతోనో, నిధులిచ్చేవారితోనో పోరాడాలి. మూడోదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వచ్చే సంచికతోనే మొదలుపెడదాం.