గోడలు కూలకముందే

(శతజయంతి సభలో చేసిన ప్రసంగము)



ఈ సంతోష సమయమున మా తప్పు ఒకటి ఒప్పుకొనుచున్నాము. కొన్ని యేండ్ల క్రిందట మేము సేవ చేయుచుండిన గ్రామములో పాత మట్టి ప్రార్థనాలయమును పడగొట్టి క్రొత్తది కట్టించితిమి. ప్రతిష్ఠనాడు ఫోటోలు చాల తీయించితిమి. ఆరాధన ముగిసిన తరువాత ఒక ముసలమ్మ వచ్చి, "అయ్యగారూ, పాత గుడికి మా నాయిన మన్ను మోసిండు. దాని ఫోటో ఒక్కటుంటే ఇయ్యుండ్రి, మనుమలకు చూపిస్త" అని అడిగినది. మాయొద్ద ఒక్కటియు లేదు. ఆనాటినుండి ఎక్కడికి పోయినను కెమేరా వెంట తీసుకొని పోవుచున్నాము.

మన చుట్టుప్రక్కల చూడుడి. భూపాలపల్లి జిల్లా గణపురములో కాకతీయుల కాలపు కోటగుళ్లున్నవి. జనగామ జిల్లా ఖిలాషాపురములో సర్వాయి పాపన్న కోట, జఫర్‌గఢ్‌లో మరియొక కోట ఉన్నవి. గడీల ఫోటోలు తీయబోగా, "మా తాతలు వెట్టి చేసిన చోటు, దీనికి ఫోటో ఎందుకు?" అని ఒకరడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. కాని కడవెండిలో 1946 జూలై 4న దొరల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలియైన సంగతి పిల్లలు నమ్మవలెనన్న ఆ గోడల ఎత్తు వారు చూడవలెను.

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. 1912లో అభిషేకము పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్యగారు అందులో గుడి స్తంభములను, మసీదు గుమ్మటములను, సిలువను కలిపి నిలిపిరి. అట్టి ఆలయమునకు ఫోటోలు తీయువారు అనేకులు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానమునకు రాజా దీన్‌దయాళ్ దొరికెను. మన పల్లెల పెంకుటిండ్ల ప్రార్థనాలయములకు ఎవరు దొరికెదరు?

పని కష్టమైనది కాదు. ఉదయమో సాయంకాలమో ఏటవాలు ఎండలో తీసిన చెక్కడములు, శిలాఫలకముల అక్షరములు తేటగా కనబడును. ముందు ముఖమే గాక నాలుగు వైపులు, లోపలి దూలములు, పగుళ్లు కూడ తీయుడి. కొలత తెలియుటకు ఒక మనిషిని ప్రక్కన నిలుపుడి. ఫోనులో విడిచిన ఫోటో ఫోనుతోనే పోవును. కాగితముపై అచ్చు వేయించి, వెనుక ఊరు, తేదీ, కట్టినవారి పేర్లు వ్రాసి, సంఘపు రిజిస్టరుతో భద్రపరచుడి.

అయితే ఫోటో తీసితిమి గనుక ఇక కూలిపోనిమ్మని అనవద్దు. పెంకు మార్చిన నిలుచు గోడను పెంకు మార్చి నిలుపుటయే మేలు.

యొర్దాను దాటినవారు పండ్రెండు రాళ్లు నిలిపినది పిల్లలు అడుగవలెననియే. మన పిల్లలును అడిగెదరు. ఆ ముసలమ్మకు మేము చెప్పిన జవాబే వారికిని చెప్పవలసిన గతి మీకు రాకుండును గాక. ఆమేన్.