ఆ బకెట్టు వాడిదే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సివిల్ ఇంజనీరును కాబట్టి వంతెనల గురించో, కాంక్రీటు గురించో మాట్లాడతానని అనుకొని ఉంటారు. నేను ఈరోజు బకెట్లో మెంతికూర పెంచడం గురించి చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. అయిదేళ్ల మనవడితో మేడ మీద చేసిన ఈ పని, ముప్పై ఏళ్ల ఉద్యోగం నేర్పనిది ఒకటి నాకు నేర్పింది.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మా అమ్మాయి ఏడేళ్లప్పుడు మొక్కలు పెంచుతానంది. సరేనని కుండీలు నేనే కొన్నాను, మట్టి నేనే నింపాను, వరస తప్పకుండా విత్తనాలు నేనే వేశాను. నీళ్లకు సన్నని పైపులు లాగి టైమరు బిగించాను. పిల్ల చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. వారం తిరిగేసరికి మేడ ఎక్కడం మానేసింది. తర్వాత ముసురు పట్టినా టైమరు తన నీళ్లు తాను పోస్తూనే ఉంది. వేళ్లు కుళ్లి అన్నీ పోయాయి. నేను బాధపడుతుంటే, "అవి నీ మొక్కలు కదా నాన్నా!" అంది.

మనవడి దగ్గర ఆ తప్పు మళ్లీ చెయ్యకూడదనుకున్నాను. పిడి ఊడిన 20 లీటర్ల బకెట్లు మూడు తీసి అడుగున చిల్లులు పెట్టాను. చిల్లులు పెట్టడం పెద్దల పని, వాటి మీద పెంకు ముక్కలు పరవడం వాడి పని. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపాం. కొలతకు వాడి పాత పాలడబ్బా.

ఇక్కడ ఇంజనీరుగా ఒక మాట. తడిసిన మట్టి ఘనపు మీటరుకు 1,800 కిలోల దాకా తూగుతుంది. అంటే 20 లీటర్ల బకెట్టు నిండా ఒట్టి మట్టి పోస్తే 36 కిలోలు. కొబ్బరి పొట్టు చెమ్మ నిలుపుతుంది, బరువూ తగ్గిస్తుంది. బకెట్లను స్లాబు నడుమ ఒకేచోట చేర్చకుండా, కింద గోడలున్న వరసలో ఇటుకల మీద పెట్టండి. పిట్టగోడ పక్కన మాత్రం వద్దు, పిల్లలు వాటి మీద ఎక్కుతారు.

చిన్నపిల్లలు రెండు నెలలు ఆగమంటే ఆగరు. మెంతులతో మొదలుపెట్టండి. పోపుల డబ్బాలోవి గుప్పెడు చాలు. రాత్రి నానబెట్టి చల్లితే నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి, నెలలోపు కోతకొస్తాయి. ఆ తర్వాత తోటకూర, గోంగూర. ఆగడం అలవాటయ్యాక టమాటా, వంగ. రోహిణి కార్తె ఎండలో మాత్రం మొదలుపెట్టకండి, బకెట్టే కాగి లేత వేళ్లు మాడతాయి. మెంతికి దసరా వెళ్లాక మంచిది.

ఈసారి టైమరు లేదు. నీళ్ల సీసా మూతకు మేకుతో చిల్లులు పొడిచి ఇచ్చాను. నియమం ఒక్కటే: వేలు రెండో కణుపు దాకా గుచ్చు, పొడిగా ఉంటే పొయ్యి, చల్లగా తగిలితే ఆగు.

మూడో రోజు పొద్దున మట్టంతా కెలికి ఉంది. మొలక వచ్చిందో లేదోనని తవ్వి చూశాడట! నోటి దాకా వచ్చిన కోపం మింగాను. సగం మొలవలేదు. మిగిలినవి వంకర టింకరగా లేచాయి. మరో వారం, పుట్టినరోజు సందడిలో నీళ్లు మరిచాడు. మొక్కలు వాలిపోయాయి. రాత్రి ఎవరూ చూడకుండా పోసేద్దామని మగ్గు పట్టుకొని మెట్ల దాకా వెళ్లాను. అక్కడ మన బడి గుర్తొచ్చింది.

బోరింగు పక్కన మాస్టారు జట్టుకో మడి ఇచ్చారు, గుర్తుందా? దసరా సెలవుల్లో మా జట్టు వంగ మడి ఎండిపోయింది. మాస్టారి ఇల్లు బడి పక్కనే. రోజుకో బిందె పోస్తే బతికేది. పొయ్యలేదు. మేం తిరిగొచ్చాక తిట్టనూ లేదు. "మళ్లీ నాటుతారా?" అని నారు చేతికిచ్చారు. ఆయన ఎందుకు పొయ్యలేదో నాకు ఆ రాత్రి మెట్ల మీద అర్థమైంది. మగ్గు అక్కడే పెట్టి కిందికి వచ్చేశాను.

పొద్దున వాడు వేలు గుచ్చి చూసి, సీసా కోసం పరుగెత్తాడు. సాయంత్రానికి కొన్ని లేచాయి, కొన్ని లేవలేదు. వాళ్లమ్మకు చూపిస్తూ, "ఇవి నేను మర్చిపోయినవి" అన్నాడు. చివరికి గుప్పెడు కూర వస్తే మా ఆవిడ పప్పులో వేసింది. వాడు రెండు ముద్దలు తిని చేదన్నాడు. కానీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ వడ్డించమన్నాడు.

నా వృత్తిలో తప్పుకు చోటుండకూడదు, వంతెన కూలకూడదు. కానీ పిల్లలు తప్పు చేసి, చూసుకొని, దిద్దుకునే చోటు కూడా ఒకటుండాలి. అందుకు గుప్పెడు మెంతులు పోతే పోయాయి.

ఒక మనవి. మన బడి చిన్న తరగతుల పిల్లలకు తలా ఒక బకెట్టు ఇద్దాం. బకెట్లు, మట్టి నా వంతు. దాతల పేర్లు వద్దు, బకెట్టు మీద పిల్లవాడి పేరే ఉండాలి. వాడు మరిచిన రోజున వాచ్‌మన్ చేత నీళ్లు పోయించవద్దు.

మాస్టారూ, మీరు ముందు వరసలోనే ఉన్నారు. ఆనాడు బోరింగు చెడిపోయిందని మీకు చెప్పాం. బోరింగు బాగానే ఉందండీ. మేమే మరిచిపోయాం.

సెలవు.