కారు తాళం తీసుకునే ముందు కాగితం చూడాలె

ఈసారి మాట్లాడమని మనోళ్లు నాకు మైకు ఇచ్చిన్రు. నేను పెద్ద చదువులు చదివినోణ్ణి కాదు. మాది జగిత్యాల దిక్కు. ఐటీఐ చేసిన, దుబాయ్ వచ్చి పద్దెనిమిదేళ్లయింది, ఇప్పుడు బిల్డింగు పనిలో సూపర్‌వైజర్‌ని. కానీ ఈరోజు మాట బిల్డింగుల గురించి కాదు. ఫోన్‌లో బుక్ చేసుకునే కార్ల గురించి.

పోయిన వారం మా గ్యాంగులో స్టీల్ కట్టే పిల్లగాడు నా రూముకు వచ్చిండు. "అన్నా, ఈ ఎండల పని నాతోని కాదు. లిమోజిన్ డ్రైవర్‌గా పోతా. ఏమంటవ్?" అని అడిగిండు. నాకు వెంటనే జవాబు రాలేదు. ఎందుకో చెప్తా.

ముందు మంచి సంగతి చెప్పుకోవాలె. నేను వచ్చిన కొత్తలో సోనాపూర్ క్యాంపులో ఒక రాత్రి మా మేస్త్రీకి కడుపునొప్పి లేచింది. అంబులెన్స్‌కు ఫోన్ చేయాలన్న తెలివి కూడా మాకు లేకుండె. ఇద్దరం పట్టుకొని మెయిన్ రోడ్డు దాకా నడిపించినం. టాక్సీ దొరికే సరికి ముప్పావు గంట పట్టింది. ఇప్పుడైతే లోకేషన్ పెడితే కారు గేటు ముందుకే వస్తది. ఎంతవుతదో ముందే కనబడుతది, కారు నంబరు ఉంటది, అడ్రస్ చెప్పడానికి ఇంగ్లీషు రావాలని లేదు. కరీం కంపెనీ 2012లో ఇక్కడ దుబాయ్‌లోనే పుట్టింది. 2020 జనవరిలో ఊబర్ దాన్ని కొనుక్కున్నది. ఈ యాప్‌లు మన అసుంటోళ్లకు మేలు చేసినయి, కాదనను.

మరి ఆ కారు నడిపేటోని సంగతేంది?

చాలామంది అనుకుంటరు, సొంత కారు ఉంటే యాప్‌లో పెట్టి నడుపుకోవచ్చని. మన హైదరాబాద్ లెక్క ఇక్కడ నడవదు. దుబాయ్‌లో లైసెన్సున్న లిమోజిన్ కంపెనీ కారే ఉండాలె. డ్రైవర్‌కు ఆర్టీఏ పర్మిట్ ఉండాలె. అంటే వీసా ఒకరిది, పని చూపించేది ఇంకొకరు. ఈ ఇద్దరి నడుమ డ్రైవర్.

మా బామ్మర్ది ఈ నడుమనే ఇరుక్కున్నడు. నా దగ్గరే స్టీల్ పని చేసేటోడు. "బావా, ఏసీ కారు, టిప్పులు, ఫోర్‌మన్ తిట్లుండవు" అన్నడు. నేనే లైసెన్సుకు నాలుగు వేల దిర్హాములు అప్పు ఇచ్చిన. మొదటి మూడు నెలలు మంచిగనే సంపాయించిండు. తర్వాత ఎండాకాలం వచ్చింది, సిటీ ఖాళీ అయింది. కంపెనీకి రోజూ కట్టే పైసలు మాత్రం తగ్గలేదు. పెట్రోల్ ఆయనదే, సాలిక్ ఆయనదే, ఫైన్లు ఆయనవే. రోజుకు పద్నాలుగు గంటలు నడిపిండు. ఒకరోజు ఎవరో ప్యాసింజర్ కంప్లైంట్ చేసిండు, ఐడీ బంద్ అయింది. యాప్ వాళ్లను అడిగితే మీ కంపెనీని అడుగు అన్నరు. కంపెనీ వాళ్లను అడిగితే యాప్ వాళ్లు బంద్ చేసిన్రు, మేమేం చేస్తం అన్నరు. ఇరవై రెండు రోజులు రూములో కూసున్నడు. ఆ రోజుల కిరాయి కూడా అప్పు కింద రాసిన్రు. ఆఖరికి రావాల్సింది వదులుకొని, పాస్‌పోర్టు తీసుకొని ఇంటికి పోయిండు.

నా తప్పు ఏందంటే, ఆయన సంతకం పెట్టిన కాగితం ఒక్కసారి కూడా నేను చూడలేదు. స్లాబ్ పోసే ముందు డ్రాయింగ్ పెట్టుకొని ఒక్కొక్క రాడ్డు లెక్కపెట్టేటోణ్ణి నేను. కాంక్రీటు పడినంక లోపల ఏముందో ఎవ్వనికి కనబడదు. అది తెలిసినోణ్ణి, ఇంటి పిల్లగాని విషయంలో ఏసీ కారు చూసి మురిసిపోయిన.

లండన్‌లో ఏం జరిగిందో వినున్రి. ఊబర్ డ్రైవర్లు కొందరు కోర్టుకు పోయిన్రు. 2021 ఫిబ్రవరి 19న అక్కడి సుప్రీంకోర్టు, వీళ్లు సొంత వ్యాపారం చేసుకునేటోళ్లు కాదు, వర్కర్లే అని తీర్పు చెప్పింది. కనీస వేతనం, జీతంతో సెలవు వాళ్ల హక్కు అన్నది. కాగితం మీద ఏం రాసుకున్నరన్నది ఒక్కటే చూడలేదు. రేటు ఎవరు పెడుతున్నరు, పనిని ఎవరు అదుపు చేస్తున్నరు అని చూసింది. ఆ తీర్పు ఇక్కడ చెల్లదు. కానీ ఆ ప్రశ్నలు మనం కూడా అడగొచ్చు.

అందుకే ఆ పిల్లగానికి ఇట్ల చెప్పిన. "తమ్మీ, పోవద్దని అనను. పోయే ముందు అడుగు. లేబర్ కాంట్రాక్టులో బేసిక్ జీతం ఎంత రాసిన్రు? అది కాకుండా ఇంకో కాగితం మీద సంతకం అడుగుతున్నరా? కారు నిలబడ్డ రోజు కిరాయి ఉంటదా? ఐడీ బంద్ అయితే జీతం వస్తదా? యాక్సిడెంట్ అయితే రిపేరు ఖర్చు ఎవరిది? నోటి మాట నమ్మకు, రాసి ఇయ్యమను. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకు."

ఇంకొకటి గుర్తు పెట్టుకోన్రి. 2021లో వచ్చిన ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం, పనిలో పెట్టుకున్నందుకు అయ్యే ఖర్చు కార్మికుని దగ్గర వసూలు చేయొద్దు. మామూలుగా పని రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది. కష్టం వస్తే లేబర్ మినిస్ట్రీ నంబరు 600590000. ఇండియా వాళ్ల సహాయ కేంద్రం 80046342, పైసలు పడవు. మా బామ్మర్ది ఇరవై రెండు రోజుల్లో ఈ రెండింట్లో ఒక్కదానికీ ఫోన్ చేయలేదు. చేయమని చెప్పడం నాకూ తోచలేదు.

రాత్రిపూట కారు బుక్ చేసుకున్నప్పుడు డ్రైవర్ కండ్లు ఎర్రగుంటే, "అన్నా, తిన్నవా?" అని ఒక మాట అడుగున్రి. కోపం మీద ఒక్క స్టార్ కొట్టే ముందు జరసేపు ఆగున్రి. ఆ ఒక్క స్టార్ ఎవరింట్లో పొయ్యి ఆర్పుతదో మనకు తెల్వదు.

ఆ పిల్లగాడు కాంట్రాక్టు కాపీ తెస్తనన్నడు. వచ్చే ఆదివారం ఇద్దరం కూసొని లైను లైను చదువుతం.