సెల్లు పక్కన పెట్టి కాసేపు మాట్లాడుకుందాం
(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. ఆ లెక్కల్లో ఎక్కడా రాయని ఖర్చు ఒకటుంది. అది మన టైము. అందులో పెద్ద భాగం మన చేతిలో ఉన్న స్మార్ట్ ఫోనుకే పోతోంది. ఇవాళ దాని గురించి నాలుగు మాటలు చెబుతాం.

ఫోను చెడ్డదని చెప్పడానికి మేము నిలబడలేదు. గల్ఫులో ఉన్న కొడుకు ముఖం రోజూ చూస్తున్నామంటే ఫోను వల్లే. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక మన పూరిళ్లలోకి కూడా నెట్ వచ్చింది. కరోనా రోజుల్లో పిల్లల పాఠాలు అందులోనే నడిచాయి. సంఘం లెక్కలు కూడా ఇప్పుడు అందులోనే ఎక్కుతున్నాయి. అది మంచి పనిముట్టు. కొడవలి కూడా మంచి పనిముట్టే. కానీ కోత అయిపోయాక చూరులో చెక్కేస్తాం, చేతిలో పట్టుకుని పడుకోం కదా!

ముందు మన మీటింగుల సంగతి. పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పకుండా సమావేశం కావడం. ఈ ఏడాది ఊళ్లకు వెళ్లినప్పుడు మేము చూసింది చెబుతాం. హాజరు పుస్తకంలో పది సంతకాలుంటాయి, తలెత్తి వినేది నలుగురైదుగురు. తీర్మానం చదువుతుంటే మిగతావాళ్లు స్క్రీను మీద నుంచి కళ్లు తియ్యకుండానే "సరే, సరే" అంటారు. మూడు రోజులయ్యాక "ఆమెకు అప్పెందుకిచ్చారు, మాకు చెప్పలేదే" అని గొడవ. చెప్పారమ్మా, మనమే వినలేదు.

సంఘం నడిచేది నమ్మకం మీద. పక్కన కూర్చున్న మనిషి ముఖం చూస్తేనే ఈ నెల కిస్తీ ఎందుకు ఆగిందో అర్థమవుతుంది. ఇంట్లో జబ్బా, తగువా, కూలి దొరకలేదా అన్నది ఆమె నోరు తెరవకముందే తెలుస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ బలం ఎక్కడిది? రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ ఒకరి కష్టం ఒకరు చెప్పుకున్నారు, వినేవాళ్లు విన్నారు. అక్కడ రాజుకున్నది 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం దాకా పోయింది. ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ కూర్చుంటే అలాంటి మాట పుట్టదు.

రెండోది లోన్ యాప్‌లు. ఇది డబ్బుతో పాటు పరువు కూడా తీసే సంగతి, జాగ్రత్తగా వినండి. ఏదో వీడియో చూస్తుంటే మధ్యలో "అయిదు నిమిషాల్లో అప్పు" అని ప్రకటన వస్తుంది. నొక్కగానే మన ఫోనులోని నంబర్లు, ఫొటోలు చూడ్డానికి అనుమతి అడుగుతుంది. ఇచ్చేస్తాం. చెప్పిన సొమ్ములో ముందే కొంత కోసుకుని మిగతాది వేస్తారు. వారం తిరక్కముందే వేధింపు మొదలు. మన చుట్టాలకు ఫోన్లు చేసి తిడతారు, ఫొటోలు మార్చి పంపుతారు. 2020 డిసెంబరులో హైదరాబాదులో ఇలాంటి ముఠాల మీద పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. ఇలాంటి యాప్‌లు మన ఫోనులోని నంబర్ల జోలికి, ఫొటోల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. కాబట్టి అవి అడిగే యాప్ ఏదైనా సరే, దాన్ని ముట్టుకోవద్దు.

అసలు ఆ అప్పు కోసం మనమెందుకు వెళ్లాలి? సంఘంలో అడగడానికి మొహమాటం. అడిగితే నలుగురికీ తెలుస్తుందని భయం. అక్కలారా, ఆ మొహమాటం పోగొట్టాల్సింది మనమే. సంఘం అప్పుకు కట్టిన వడ్డీ మళ్లీ మన సంఘానికే చేరుతుంది. ఇప్పటికే ఎవరైనా చిక్కుకుని ఉంటే దాచుకోకండి. ఆన్‌లైనులో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

మూడోది పిల్లలు. ఫోను పెడితేనే ముద్ద మింగుతున్నాడని మురిసిపోతున్నాం. ఏడాదిలోపు బిడ్డకు స్క్రీను అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. బిడ్డ మాట నేర్చేది మన నోరు చూసి, మనం బదులిస్తే. ఫోను పాటలు పాడుతుంది గానీ బిడ్డ "అత్త" అంటే "ఏం నాన్నా" అనదు.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. ఫోను తగ్గించాలి అనగానే చాలా ఇళ్లలో ముందు కోడలి చేతిలోది, ఆడపిల్ల చేతిలోది లాక్కుంటారు. మగపిల్లాడు అర్ధరాత్రి దాకా ఆటలాడినా, మొగుడు అన్నం ముందు కూర్చుని రీల్స్ చూసినా అడిగేవాళ్లు లేరు. అది మేము ఒప్పుకోం. ఆడపిల్ల ఫోను ఆమె చదువుకు, ఆపదలో ఆమె రక్షణకు దారి. ఇంట్లో నియమం పెడితే అందరికీ పెట్టాలి, అత్తగారి సీరియల్ వీడియోలతో సహా!

అలా జరిగే పనేనా అంటారేమో. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊరుంది. 2022లో ఆ ఊరివాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. సాయంత్రం ఏడింటికి సైరను మోగుతుంది. గంటన్నర సేపు టీవీలు, ఫోన్లు బంద్. పిల్లలు పుస్తకాలు తీస్తారు, పెద్దలు మాట్లాడుకుంటారు. వాళ్లవీ మనలాంటి ఇళ్లే.

సైరను కొనే పని లేకుండా మనం చెయ్యగలిగినవి పాలకవర్గం మీ ముందు పెడుతోంది. సంఘం మీటింగు మొదలవగానే ఫోన్లన్నీ ఒక తట్టలో పెడదాం. ఎంట్రీల కోసం వీఓఏ ఫోను ఒక్కటే బయట ఉంటుంది. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లు ఆ నంబరే ఇచ్చి రావాలి. రాత్రి అన్నాల వేళ ఇంటిల్లిపాదీ ఫోన్లు పక్కన పెట్టాలి. ప్రతి నెలా మీటింగులో ఓ పది నిమిషాలు ఫోను మోసాల గురించే మాట్లాడాలి.

ఒప్పుకుంటే చేతులెత్తండి. వచ్చే నెల గ్రామ సంఘాలకు వచ్చినప్పుడు మినిట్స్ పుస్తకంతో పాటు ఆ తట్ట కూడా చూపించమని అడుగుతాం.