కొలువు కొండ పక్కన రైలు దారి



సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే యిల్లాలికి కొండ కట్టడం, చెరువు పెట్టడం ఒకరు నేర్పాలా చెప్పండి? గోనెపట్టా ముడతలు పెట్టి కొండ అంటాం. అద్దం చుట్టూ యిసుక పోసి చెరువు అంటాం. మూకుట్లో ఆవాలు మొలకెత్తించి పచ్చని చేను అంటాం. యిదే పని రైలుబొమ్మ చుట్టూ చేస్తే దాన్ని మోడల్ రైల్వే లేఅవుట్ అంటారు. పేరు వినగానే యిదేదో యింజనీర్ల వ్యవహారమని మనం పక్కకు తప్పుకుంటాం. అలా తప్పుకోనక్కర లేదని చెప్పడానికే యీ ప్రసంగం.

మా చిన్నమ్మాయికి మేనమామ రైలు సెట్టు తెచ్చాడు. "ఆడపిల్లకు రైలేమిటి?" అన్నవాళ్లూ వున్నారు. వట్టి నేల మీద గుండ్రంగా తిరిగే రైలును పిల్ల ఎన్నాళ్లు చూస్తుంది? అది అటకెక్కేలోపే పాత తలుపుచెక్క ఒకటి కిందికి దింపి, "దీని మీద అరకు దారి కడదాం రా" అన్నాను. బైలదిల్లా యినుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను అది. మా మామగారు ఆ లైనులోనే పట్టాల మరమ్మతు పనిచేసి రిటైరయ్యారు. అత్తగారు పోయాక యీ మూడేళ్లుగా ఆయన నోట "వూ", "ఆ" తప్ప మాట లేదు.

ముందు కొలత చూసుకోవాలి. ఎక్కువగా దొరికే హెచ్.ఓ. రకంలో అన్నీ అసలుకు 87వ వంతు. అయిదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్ల లోపు. నలభై అడుగుల చెట్టు 14 సెంటీమీటర్లు. మరి కొండ? ఆ దారిలోని శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున వుంది. దాన్ని 87తో భాగిస్తే 11 మీటర్ల పైమాటే, అంటే మూడంతస్తుల మేడంత! కనుక కొండంతా కట్టలేం. చెక్క వెనక అంచున వాలు మాత్రం కట్టి, ఆ వెనక అట్ట మీద దూరపు కొండలకు లేత నీలం రంగు వేస్తే చాలు.

నేను పట్టాలను పైకెక్కించబోతుంటే పడక్కుర్చీలోంచి మామగారి గొంతు వినపడింది. "అమ్మాయ్, పట్టాలను ఎగుడుదిగుడు కానివ్వకు. కొండను కొయ్యి, లోయ మీద వంతెన వెయ్యి." లెక్క చూస్తే నిజమే. బొమ్మ రైలుకు మీటరుకు మూడు సెంటీమీటర్ల ఎత్తు మించితే బండి లాగలేక జారుతుంది. ఒక దారి మీదుగా మరో దారి పోవాలంటే ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు కావాలి. అంటే రెండున్నర మీటర్ల పొడవునా ఎక్కుతూ పోవాలి. తలుపుచెక్క మీద అంత చోటెక్కడిది? కనుక పట్టాలు చదునుగా వుంచి, చుట్టూ వున్న నేలనే ఎత్తుపల్లాలు చేశాం.

యిక కొండ కట్టే పద్ధతి. అట్టపెట్టెలను అంగుళం వెడల్పు ముక్కలు కోసి నవారు మంచంలా అల్లండి. అడుగున కాగితపు వుండలు దన్ను పెట్టండి. పైన పాత పేపరు ముక్కలు తెల్ల జిగురులో ముంచి మూడు పొరలు అంటించండి. మైదా వుడికించిన జిగురైతే బొద్దింకలు చేరతాయి. పేపరు బాగా ఆరాక ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూత పూయండి. నీళ్లలో పొడి వెయ్యాలి గాని పొడిలో నీళ్లు పోస్తే వుండలు కడుతుంది. మిగిలింది సింకులో పోశారా, గొట్టంలోనే రాయి అవుతుంది! పట్టాల మీద ముందే కాగితపు టేపు అంటించండి. జిగురు పడితే కరెంటు అందక బండి కదలదు.

నేలకు ఎర్రమన్ను, గడ్డికి జల్లించిన రంపపు పొట్టు. పొట్టుకు మూడు రకాల ఆకుపచ్చలు విడివిడిగా అద్ది నీడన ఆరబెట్టి కలపండి. ఒకే పచ్చ అయితే తివాచీలా వుంటుంది. వాడిన టీపొడి కడిగి ఎండబెడితే రాలిన ఆకులు. ఎండు గోరింట పుల్లలకు బీరపీచు తురుము అంటిస్తే చెట్లు. పట్టాల నడుమ సన్న రాతిపొడి పోసి, సబ్బు చుక్క కలిపిన నీళ్లు చిలకరించి, ఆపైన సగానికి సగం నీళ్లు కలిపిన జిగురు చుక్కలు వెయ్యండి. సబ్బు లేకపోతే నీరు ముత్యంలా నిలిచి పొడిని చెదరగొడుతుంది. సొరంగం పైకప్పు మూతలా తీసేటట్టు పెట్టుకోండి. బండి లోపల పట్టాలు తప్పితే చెయ్యి అందాలి కదా.

"కొండ కోసినచోట పైన కాలువ ఏది? వాననీరు పట్టాల మీదికి రాదూ?" అని అడిగారు మామగారు. ఆ కాలువను ఆయనే పుల్లతో గీశారు. వానరాత్రుళ్లు బండరాళ్లు పడ్డాయేమోనని దీపం పట్టుకుని లైను వెంట నడిచిన సంగతి మనవరాలికి చెబుతూ ఆ సాయంత్రం భోజనం వేళ దాటించారు. నేను పిలవలేదు.

దుమ్ము పడకుండా పైన పాత వాయిల్ చీర కప్పి వుంచండి. డబ్బు పెట్టి కొనవలసింది జిగురు, ప్లాస్టరు, కాస్త రంగు, తక్కినవన్నీ యింట్లోవే. మీ యింట్లోనూ ఏ పెద్దవారో ఏ రేవు, ఏ మిల్లు, ఏ చేను పని చేసి వుంటారు. రైలు లేకపోయినా ఫరవాలేదు, వచ్చే కొలువులో ఆ చోటునే కట్టండి. ఎలా వుండేదో వారినే అడగండి.