గర్భసంచిని తీయకయే
(సమాజ సమావేశమున గావింపబడిన ఉపన్యాసము)



"పిల్లలు పుట్టిరి గదా, ఇక ఆ సంచితో పనియేమి? ఉంచినచో క్యాన్సరగును" అను మాట తెలుగు ఇండ్లలో క్రొత్తది కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2 కాగా తెలంగాణమున 7.7, ఆంధ్రప్రదేశమున 8.9. అధిక రక్తస్రావము మొదలగు కారణములును ఇందు గలవు, భయమును గలదు.

గర్భాశయ ముఖమునకు వచ్చు క్యాన్సరు ఒక్క రాత్రిలో పుట్టునది కాదు. పాపిలోమా వైరసు తిష్ఠ వేసినచోట ముందుగా కణములు మారును. స్వల్పమైన మార్పులు పెక్కులు తమంతట తామే సర్దుకొనును. తీవ్రమైనవి క్యాన్సరగుటకు సైతము సాధారణముగా ఏండ్లు పూండ్లు పట్టును. చికిత్సకు తగిన కాలమిదియే.

పూర్వము ఆ భాగమును బొంగరము ఆకారమున కత్తితో కోయుచుండిరి. లేదా గర్భసంచినే తొలగించుచుండిరి. ఒక పుట చెడినందుకు దస్త్రమంతయు చించుట వంటిదిది! కోత నేటికిని కొందరికి అవసరమే కాని, అందరికిని కాదు.

క్రయోథెరపీలో లోహపు మొనను వాయువుతో అతిశీతలము గావించి, దోషమున్నచోట మూడు నిమిషములు ఆనించి, ఐదు నిమిషములు విడిచి, మరల మూడు నిమిషములు ఆనింతురు. ఉష్ణ చికిత్సలో మొన సుమారు 100 డిగ్రీలు వేడెక్కును. ఒక్కొక్క మారు ఒక నిమిషమునకు మించి పట్టదు. గ్యాసు సిలిండరు మోయ పనిలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మార్గదర్శక సూత్రములు వెలువరించినది. రోగి ఆనాడే ఇల్లు చేరవచ్చును. కొన్ని వారములు నీరువంటి స్రావము కావచ్చును. ఏడాదికి మరల పరీక్ష చేయించుకొనవలెను.

అయితే దోషము లోపలి మార్గమునకు ప్రాకినను, క్యాన్సరు అనుమానమున్నను ఇవి తగవు. నశించిన కణములను సూక్ష్మదర్శినిలో చూడజాలము గదా. అప్పుడు ఆ చోటికి మాత్రమే మత్తిచ్చి, విద్యుత్తు ప్రవహించు సన్నని తీగ ఉచ్చుతో ఆ ముక్కను తీసి పరీక్షకు పంపుదురు. దీనినే లీప్ అందురు.

తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో 2000లో మొదలైన అధ్యయనమున, శిక్షణ పొందిన నర్సులే పలుచని ఎసిటిక్ ఆమ్లమును పూసి, తెల్లబడిన చోటును కంటితో గుర్తించి, క్రయోథెరపీ సైతము చేసిరి. 2007లో ఫలితములు వెలువడినవి. పరీక్షలు లేని గ్రామములతో పోల్చగా, ఈ క్యాన్సరు మరణములు నూటికి 35 పాళ్ళు తగ్గినవి. అయినను దోషము బయటపడిన 1874 మందిలో చికిత్స పొందినవారు నూటికి 72 మందియే. తక్కినవారికి ఆ కొద్ది నిమిషముల పని జరుగనే లేదు.